గన్నుమేస్త్రి కొన్న చైనా టీ ఆకు

మా తమ్ముడి అసలు పేరు వాడు పనిచేసిన షెడ్డులో ఎవరికీ తెలియదు. ఇనుప బీరువాలకు గన్నుతో రంగు కొట్టడంలో వాడిని మించినవాడు లేడని అందరూ గన్నుమేస్త్రి అనేవారు. వాడు రంగు వేసిన తలుపులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. అక్కను కాబట్టి గొప్పలు చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే, వెళ్ళి తమ ఇంట్లో పాత బీరువా చూసుకోవచ్చు. రంగు పెచ్చులు లేచిందంటే అది మావాడిది కాదు.

ఆ షెడ్డుకు కిటికీ లేదు. గాలి ఆడితే దుమ్ము లేస్తుంది, దుమ్ము పడితే రంగు పాడవుతుంది అని ఉన్న ఒక్క తలుపూ మూసుకుని కొట్టేవాడు. ముక్కుకు కట్టుకోమని యజమాని ఇచ్చిన గుడ్డతో గన్ను తుడుచుకునేవాడు. గుడ్డ కడితే ఊపిరాడదని, ఊపిరాడకపోతే చెయ్యి వణుకుతుందని వాడి వాదన. చెయ్యి చివరిదాకా వణకలేదు. పోయింది వేరే.

అది పోయిన సంగతి టీ దుకాణం దగ్గర బయటపడింది. బజారు వీధిలో ఒకావిడ చైనా టీ ఆకులు అమ్మడం మొదలుపెట్టింది. పొట్లాల్లో వచ్చే పొడి కాదు, విడి ఆకు. డబ్బాలు పెట్టుకోవడానికి ఇనుప అరలు కావాలని ఈ షెడ్డులోనే చేయించుకుంది. వీడు వాటికి ముదురాకుపచ్చ రంగు కొట్టి, బండి మీద వేయించుకుని తనే తీసుకెళ్ళాడు. ఆవిడ గుమ్మంలోనే ఆపేసి ముక్కు మూసుకుంది.

“మేస్త్రిగారూ, వీటిని తీసుకెళ్ళిపోండి. ఘాటు చంపేస్తోంది. టీ ఆకు పక్కన ఏ వాసనుంటే ఆ వాసన పీల్చేస్తుంది. వీటి మీద పెట్టానంటే నా సరుకంతా రంగునీళ్ళే.”

“ఘాటేంటమ్మా? ఎప్పుడో ఆరిపోయింది. ఏ వాసనా లేదు,” అంటూ వీడు అరకు ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు. “చూడండి, ఏమీ లేదు.”

బండివాడు పకపకా నవ్వాడు. “అన్నా, దారి పొడుగునా నాకు కళ్ళమ్మట నీళ్ళు. నీకు లేదా?”

ఆవిడ నవ్వలేదు. లోపలి నుంచి ఒక డబ్బా తెచ్చి, మూత తీసి వాడి ముక్కు కింద పెట్టింది. ఆకూ మల్లెపూలూ పొరలు పొరలుగా పరిచి వాసన పట్టించిన టీ అది. రోడ్డుకు అవతల ఉన్నవాడికి కూడా తెలుస్తుంది. మా తమ్ముడికి తెలియలేదు.

ఇంట్లో కింద వెనక గది నాది. ముందు గదిలో అద్దెకున్న టైలరు మిషను పెట్టుకున్నాడు. మేడ మీద తమ్ముడూ మరదలూ ఉండేవారు. ఆ సాయంత్రం వాడు పైకి వెళ్ళకుండా మెట్ల మీదే కూర్చున్నాడు.

“అక్కా, నా ముక్కు చచ్చిపోయింది.”

“జలుబేమోరా.”

“ఎప్పుడు చచ్చిందో కూడా తెలీదక్కా. మనిషి పోతే రోజైనా తెలుస్తుంది.”

అంతకు చాలా కాలం ముందు నుంచే వాడు కంచం ముందు కూర్చుని, తిండి మట్టిలా ఉందనేవాడు. మా మరదలు ఉప్పు పెంచి చూసింది, కారం పెంచి చూసింది, చివరికి నోరు పెంచింది. “మట్టి తినే నోటికి మట్టే రుచి” అని కంచం లాగేసేది. వంటకు వంక పెడితే పడే మనిషి కాదు ఆవిడ. వీడు తినక తినక, చొక్కా కొయ్యకు తగిలించినట్టు అయ్యాడు. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ముక్కు పోతే నాలుక కూడా చాలావరకు పోయినట్టేనని చెప్పాడు. రంగుల ఘాటుకు లోపలి నరం కాలిందట. రావచ్చు, రాకపోవచ్చు, ఘాటైనవి రోజూ వాసన చూస్తూ ఉండమన్నాడు. అందులోంచి ‘రావచ్చు’ అన్న మాట ఒక్కటే వీడు ఇంటికి తెచ్చుకున్నాడు.

మర్నాడే టీ దుకాణానికి వెళ్ళాడు. ఆవిడకు ఆకులమ్మ అని పేరు పెట్టింది కూడా వీడే.

“ఏదో ఒక్కటి నా ముక్కుకు తగలాలమ్మా. ఇన్ని డబ్బాలున్నాయి, ఒక్కటైనా ఉండదా?”

“చిటికెడు చిటికెడు కొనండి మేస్త్రిగారూ. కొత్తవాళ్ళంతా మోజు కొద్దీ డబ్బా డబ్బా కొనేసి, తర్వాత నన్ను తిట్టుకుంటారు.”

మొదట ఆ మల్లెల టీయే తెచ్చాడు. మనకు టీ అంటే తెలిసిందొక్కటే కదా, పాలు పోసి పంచదార వేసి చిక్కగా మరగబెట్టాడు. టైలరుకు ఓ గ్లాసు ఇస్తే అటు తిప్పి ఇటు తిప్పి, “మేస్త్రీ, ఇది తాగేదా, తలకు రాసుకునేదా?” అని అడిగాడు. సంగతి విని ఆకులమ్మ తల పట్టుకుంది. “పాలు పోశారా? అద్దానికి సున్నం కొట్టారు కదండీ!”

ఆ ఒక్క మాట వీడికి బాగా ఎక్కింది, వాడి పని భాషలో చెప్పింది కాబట్టి. అక్కడి నుంచి పద్ధతిగా నేర్చుకున్నాడు. పచ్చాకు మీద సలసల కాగే నీళ్ళు పొయ్యకూడదు, చేదెక్కుతుంది. మిరియపు గింజల్లా చుట్టుకున్న ఆకు నీళ్ళలో విచ్చుకుని కాడతో సహా పూర్తి ఆకై కనబడుతుంది, దాన్ని ఒక్కసారికే పారబొయ్యకూడదు, మళ్ళీ మళ్ళీ పొయ్యాలి. అచ్చులా నొక్కిన నల్లటి ఆకుకు మొదటి నీళ్ళు కడుగు నీళ్ళే. పొయ్యగా పొయ్యగా ఏ టీ అయినా పలచబడుతుంది. రంగు పూత మీద పూత వేసినట్టే అంత ఒద్దికగా చేసేవాడు. కప్పు మాత్రం ముందు నా చేతికిచ్చేవాడు.

“అక్కా, ఎలా ఉందో చెప్పు.”

“తడిసిన గడ్డిలా ఉంది.” ఇంకోదానికి, “వేయించిన గింజల్లా ఉంది.” ఆ నల్ల అచ్చు టీకి, “వాన పడ్డ పాత గోడ.”

వాడు కథ వినే పిల్లాడిలా తలూపేవాడు.

“మరి నీకు?”

“వేడిగా ఉంది.”

ఎన్ని రకాలు తెచ్చినా అదే జవాబు. మా మరదలు మెట్ల మీద నుంచి, “వేన్నీళ్ళు నేను కాచిస్తాను కదా, దానికి చైనా దాకా పోవాలా?” అనేది.

చివరికి ఆకులమ్మ ఇంకో ఆకు ఇచ్చింది. పైన్ కట్టెల పొగ మీద ఆరబెట్టిన నల్లాకు. అది పెట్టుకున్న రోజు వీడు వేసిన కేకకు నేను చేతిలో పని వదిలేసి మేడెక్కాను.

“తగిలిందక్కా! గొంతులో ఏదో గీసింది. పొగ! పొగ!” కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. ఘాటుకో, ఏడుపుకో చెప్పలేను.

“తగిలింది గొంతుకురా, ముక్కుకు కాదు,” అన్నాను. నాకు నంగి మాటలు రావు.

“దారి ఒకటే కదా. గొంతు దాకా వచ్చింది, ఇంకో జానెడు ఎక్కలేదా?”

ఇక రెండు పూటలా అదే. ఇల్లంతా పొగ కంపు. దండెం మీద బట్టలు కంపు. “మేస్త్రీ, నేను కుట్టిన చొక్కాలు శ్మశానం నుంచి వచ్చినట్టున్నాయంటున్నారయ్యా” అని టైలరు మొత్తుకున్నాడు. మరదలు మరీ పడలేకపోయింది. “ముక్కు లేనివాడికేం, ఉన్నవాళ్ళం చస్తున్నాం” అంటూ, వాడు నీళ్ళు పొయ్యి మీద పెట్టగానే లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకునేది. తలుపు కింద సందులో పాత తువ్వాలు కుక్కేది.

అలాగని వాళ్ళ మధ్య కోపం ఏమీ పెరగలేదు, తగ్గింది. ఆశ పుట్టాక వీడు కాస్త తినడం మొదలుపెట్టాడు. ఒకరోజు మరదలు కిందికి దిగి వచ్చి నా పక్కన కూర్చుంది.

“వదినా, నిన్న కూరలో ఉప్పెక్కువైందన్నాడు.”

“అంటే?”

“అంటే ఏముంది, పోనీలే. తిట్టడానికైనా రుచి తెలిసింది.” కొత్త చీర కట్టినప్పుడు కూడా ఆ మొహం అలా ఉండడం నేను చూడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే జరిగింది. నేను కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మరదలికి నడుము నొప్పి, మాత్ర వేసుకుని లోపలి గదిలో పడుకుంది. తలుపు వేసింది, తువ్వాలు కుక్కింది. ఆ గదిలో స్విచ్చుల బోర్డు కింద మడత పెట్టిన దూది పరుపులు ఉండేవి. పాత ఇల్లు, పాత తీగ. నిప్పురవ్వ పరుపు మీద పడింది. దూది భగ్గుమనదు. కడుపులో పెట్టుకుని కుములుతుంది.

వీడు మేడ మీదే బయటి గదిలో టీ పెట్టుకున్నాడు. మొదటి కప్పుకు గొంతు గీసింది. రెండో కప్పుకు ఇంకా గీసింది. మూడో కప్పుకు కళ్ళు మండాయి. పొయ్యగా పొయ్యగా పలచబడాల్సిన టీ ఘాటెక్కుతుంటే అనుమానం రావాలి, అన్నీ నేర్చుకున్నవాడే. రాలేదు. ఆ జానెడూ ఎక్కిందనుకున్నాడు. కళ్ళు మూసుకుని, గోడకు చేరగిలబడి, ఆ గాలిని గుండెల నిండా పీలుస్తూ కూర్చున్నాడు.

కింద బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ఆవిడ ఏదో కాలుతోందంటే, “కంగారు పడకండమ్మా, పైన మా గన్నుమేస్త్రి టీ కాచుకుంటున్నాడు” అని టైలరు ఆవిడ జబ్బ కొలత తీసుకున్నాడు.

డాక్టరు కళ్ళలో మందు వేసి పంపితే నేను వీధంతా మసగ్గా కనబడుతుంటే గోడలు పట్టుకుని వస్తున్నాను. సందు మొదట్లోనే వాసన తగిలింది. అన్నాళ్ళు వాడికి వాసనలు చెప్పిన ముక్కు నాది. అది పైన్ కట్టె కాదు. దూది. మెట్లెలా ఎక్కానో నాకే తెలియదు.

వాడు కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వాడు. “అక్కా, వచ్చేసింది,” అన్నాడు.

నేను లోపలి తలుపు తోశాను. తువ్వాలు అడ్డం పడింది. ఇద్దరం కలిసి తోశాం. మరదలి ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ లేదు. గోడవైపు తిరిగి పడుకుని ఉంది, పడుకున్నట్టే.

లోకం నోరు లోకానిది. భార్య పోతుంటే టీ తాగాడన్నారు. నా ఎదుట అన్నవాళ్ళకు నేను చెప్పాల్సింది చెప్పాను, వాళ్ళు మళ్ళీ మా గడప తొక్కలేదు. ఆకులమ్మ వచ్చి మెట్ల దగ్గరే నిలబడింది. పైకి రమ్మంటే తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది. టైలరు చాలా రోజులు మిషను తొక్కలేదు.

ఇప్పుడు తమ్ముడు నా గదిలోనే ఉంటున్నాడు. గన్ను మళ్ళీ పట్టలేదు. ఏం పెడితే అది తింటాడు. మట్టిలా ఉందనడు, ఉప్పెక్కువైందనడు. ఒకరోజు కావాలని కూరలో ఉప్పు కుమ్మరించాను. అంతా తిని, కంచం కడిగి పెట్టాడు.

దీపాలు పెట్టే వేళకు మాత్రం రోజూ ఒకటే అడుగుతాడు.

“అక్కా, ఏమైనా వాసన వస్తోందా?”

నేను లేచి పొయ్యి దగ్గరా, స్విచ్చుల దగ్గరా, పక్కబట్టల దగ్గరా, ఖాళీ మేడ మెట్ల మీదా వాసన చూసి వస్తాను.

“లేదురా.”

“బాగా చూశావా?”

“చూశాను.”

అప్పుడు నడుం వాలుస్తాడు. నాకు జలుబు చేస్తే నా మాట నమ్మడు. ఆ రోజుల్లో టైలరును పిలుస్తాను. అతను మిషను ఆపి, మెడలో టేపు అలాగే వేలాడుతుండగా వచ్చి, గది గదీ తిరిగి, వంగి మంచం కింద కూడా పీల్చి చూసి చెబుతాడు.

“లేదు మేస్త్రీ. ఏమీ లేదు.”