అమ్మ కట్టని ఎర్రచీర

నా చిన్నప్పుడు మా నాన్నకి గ్యారేజ్ సేల్స్ పిచ్చి ఉండేది, జనం ఇంటి ముందు పాతసామాన్లు పెట్టి చవగ్గా అమ్ముతారే, అవి. అమెరికాలో మేముండే పిస్కాటవేలో శనివారం వచ్చిందంటే కారు తీసుకుని బయలుదేరడం, ఇంట్లో ఎవరికీ అక్కరలేనిది ఏదో ఒకటి మోసుకురావడం. అలా వచ్చిందే ఆ పటం. దక్షిణాఫ్రికాలోని ఖోయిఖోయి ప్రజల బొమ్మ. ఏనాడో యూరప్‌లో రాగిరేకు మీద చెక్కి, అచ్చు వేసి, చేత్తో రంగులద్దినది. గుడిసె ముందు ఒక మగమనిషి, భుజాన ఎర్రటి తోలు కప్పుకున్న ఒకావిడ, పక్కన గొర్రెలు. దాన్ని తెచ్చి సరిగ్గా అమ్మానాన్నల పెళ్ళిఫోటో పక్కనే తగిలించారు. అమ్మ గొణుగుతూనే ఉంది, నాన్న వింటేగా!

ఐదో క్లాసులో నేను ఆఫ్రికా మీద రిపోర్టు రాసి, సోమవారం అందరి ముందూ చదవాల్సి వచ్చింది. పుస్తకాలెందుకు, గోడ మీద బొమ్మ ఉందిగా అన్నారు నాన్న. సరేనని ఆ బొమ్మ చూసి రాసేశాను. ఖోయిఖోయి ఆడవాళ్ళు ఎర్రతోళ్ళు కప్పుకుంటారు, వాళ్ళ బుగ్గలు గులాబీరంగులో ఉంటాయి అని. నాన్న మురిసిపోయారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మకి చదివి వినిపించాను. మెచ్చుకోలేదు సరికదా, పెళ్ళిఫోటో దించి నా ఒళ్ళో పెట్టింది.

"దీన్ని చూసి కూడా రాయి. పెళ్ళికి నేనేం కట్టుకున్నానే?"

"రెడ్ శారీ. బొట్టు కూడా ఉంది మమ్మీ."

"మన చర్చిలో ఏ పెళ్ళికూతురైనా ఎర్రచీర కట్టుకోగా చూశావా?"

చూడలేదు. మావాళ్ళల్లో పెళ్ళికూతురిది తెల్లచీర, బొట్టు మాటే లేదు. అసలు సంగతి అమ్మ అప్పుడు చెప్పింది. అది బ్లాక్ అండ్ వైట్ ఫోటో. గుంటూరులో స్టూడియోవాళ్ళు పెద్దది చేసి రంగులద్దారు. ఆ అద్దినవాడు పెళ్ళికి వచ్చినవాడు కాదు. పెళ్ళికూతురంటే ఇంతేగా అనుకుని చీరకి ఎరుపు పూసి, నుదుట బొట్టు పెట్టేశాడు.

"నన్ను ఒక్క మాట అడిగితే వాడి సొమ్మేం పోయింది? మా అమ్మ ముచ్చటపడి కొన్న చీర అది. వచ్చినవాళ్ళంతా ఎర్రచీర బాగుందంటారు. ఎంతమందికని చెప్పను?" అమ్మ గోడ మీది ఆవిడని చూపించింది. "నేను నోరుండి చెప్పుకుంటున్నాను. పాపం, ఆవిడ సంగతేంటి?"

రిపోర్టు మళ్ళీ రాశాను. ఈ రంగులు వేసినవాళ్ళు వీళ్ళని చూశారో లేదో నాకు తెలియదు అని మొదలుపెట్టాను. తెలియదని రాస్తే రిపోర్టు ఎలా అవుతుందని టీచర్ మార్కులు తగ్గించింది. ఆ చిరాకు ఇప్పటికీ పోలేదు.

అమ్మ ఇప్పుడు లేదు. మొన్న మా అబ్బాయి ఆ ఫోటోని ఏదో యాప్‌లో బాగుచేసి పంపాడు. చీర ఇంకా ఎర్రబడింది, మెడలో నల్లపూసలు కూడా వచ్చి చేరాయి! ఒళ్ళు మండిపోయింది. వెంటనే ఫోన్ చేసి, మీ అమ్మమ్మది తెల్లచీరరా అని అరిచాను.

"నువ్వు చెప్తేనే కదా మమ్మీ, నాకు తెలిసేది," అన్నాడు.

నిజమే, వాడికి చెప్పడానికి నేనున్నాను. ఇప్పటికీ ఎక్కడ ఏ పాత బొమ్మ చూసినా నాకు ఎర్రతోలు కప్పిన ఆ తల్లే గుర్తొస్తుంది. ఆవిడ మనవలు ఎవరికి ఫోన్ చేసి అడుగుతారు?