నాలుగో మడి ఎందుకు కాగింది

మే పద్నాలుగు, బుధవారం, ఉదయం ఐదు గంటల ఇరవై నిమిషాలకు సికింద్రాబాదులో రైలు కదిలింది. నా సంచిలో పదకొండు పుటల నివేదిక ఉంది. నేలా చెట్లూ కలిసి గాలిలోకి ఎంత వేడి వదులుతున్నాయో ఉపగ్రహ చిత్రాలను బట్టి అంచనా కట్టడం నా వృత్తి. గోదావరిఖని దగ్గర, బొగ్గు కోసం తవ్విపోసిన మట్టిగుట్ట మీద పెంచిన తోటలో నాలుగో మడి విపరీతంగా కాగుతోందనీ, చెట్లు ఎండిపోయాయనీ, కారణం ‘సంరక్షణ లోపం’ అనీ హైదరాబాదులోని చల్లని గదిలోనే తేల్చేశాను. ఇక చూసి సంతకం చేయడమే మిగిలింది. చేస్తే చెట్లను పెకలించి అక్కడ మళ్లీ మట్టి పోస్తారు.

తొమ్మిదీ ఐదుకు రామగుండం. షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్న రిటైరైన గని కార్మికుడు, నా ఒళ్లోని డబ్బా చూసి, “గా డబ్బల ఏముంది సారూ?” అన్నాడు.

“నేల వేడి కొలిచే పరికరమండీ.”

“గీ ఎండల దానికి మిషినెందుకు? చెప్పులిడిసి నిలవడు, ఎరుకైతది.”

ఆటో అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కొంత ఆలస్యంగా.

పదీ పదికి గుట్ట ఎక్కాను. ఆ మడిని ఆరేళ్లుగా చూసుకుంటున్న రాజవ్వ ఎదురొచ్చింది. కానుగ, వేప, వెదురు పచ్చగానే ఉన్నాయి. వరుసల నడుమ మాత్రం గడ్డిపోచ లేదు. నల్లమట్టి నున్నగా చెక్కి ఉంది.

“గడ్డి ఏదమ్మా?”

“ఎండకాలం ఉంచుతమా సారూ? ఈ మట్టిల బొగ్గు పెల్లలున్నయి. ఎండుగడ్డికి నిప్పంటుకుంటే తోటంత పోతది. పారతోని నేనే చెక్కిన.”

పదీ నలభై రెండుకు, ఉపగ్రహం పైనుంచి పోయే వేళ, కొలిచాను. మట్టి యాభై ఎనిమిది డిగ్రీలు, కానుగ ఆకు ముప్పై ఏడు. ఉపగ్రహం చెట్టునూ నడుమ మట్టినీ కలిపి ఒకే అంకె ఇస్తుంది. మట్టి వేడిని నేను చెట్ల జ్వరమనుకున్నాను. ఆమె ఎంత శ్రద్ధగా చెక్కితే నా లెక్కలో అంత నిర్లక్ష్యం తేలింది.

నివేదికలో రాసినది ఆమెకు చదివి వినిపించాను.

“లోపమంటే ఏంది?”

“మీరు సరిగా చూసుకోలేదని.”

నన్ను ఎగాదిగా చూసింది. “చెట్లు పీకుతరా మరి?”

“పీకరు. నాదే తప్పు.”

“గట్ల నోటితోని అంటే ఎట్ల? ఒక్కొక్కటి లెక్కవెట్టి రాయి.”

ఎండలో ఆమె ముందు, నేను వెనక. రెండు గంటలు పట్టింది. నా జీవితంలో చెట్టును ముట్టుకుని లెక్కపెట్టడం అదే మొదలు.

రెండూ ముప్పై ఐదుకు తిరుగు రైలు ఎక్కాను. ఆకాశం నుంచి చూడటం మానను. చెట్టునూ మట్టినీ విడదీసి లెక్క కట్టాలని మాత్రం తెలిసింది. పోయినవి: తొమ్మిది పుటలు, పదిహేను రోజుల గణన, గాలికెగిరిన ఒక టోపీ. ఉన్నవి: రెండు పుటలు, రాజవ్వ పని, రెండు వందల పదకొండు చెట్లు. ఒక వేప నిజంగానే ఎండింది, దాన్నీ రాశాను.