సోమవారం తడిసిన బూట్లు

ఇవాళ బస్సు కోసం నిలబడి ఉంటే పక్క గ్రౌండ్ నుంచి తడి గడ్డి, నొప్పుల స్ప్రే కలిసిన వాసన గుప్పున కొట్టింది. ఎడిన్‌బర్గ్‌లో ఈ వాసనకు కొదవేం లేదు. అయినా నాకు వెంటనే రాఘవ అంకుల్ గుర్తొస్తారు. ఆయన రాజమండ్రి మనిషి, ఇక్కడి ఆసుపత్రిలో ఎముకల డాక్టరు. తీరిక దొరికినప్పుడల్లా మా యూనివర్సిటీ అమ్మాయిల ఫుట్‌బాల్ టీమ్‌కు ఉచితంగా వైద్యం చూసేవారు. ఎవరినీ ఓ పట్టాన నమ్మరు. మేం చాటుగా డిటెక్టివ్ అనేవాళ్ళం.

మా టీమ్‌కు ఒక రూలుండేది. వారానికి పది గంటలకు మించి ప్రాక్టీసు చేయించకూడదు, సోమవారం పూర్తిగా సెలవు. చదువులు పాడవకూడదని, ఒళ్ళు హూనం కాకూడదని పెట్టిన రూలది. ప్రతి శుక్రవారం మేం ఆడిన గంటలు షీట్‌లో రాసి సంతకం పెట్టాలి. మా కోచ్ గడుసువాడు. పది దాటిన ప్రతిదానికీ 'ఆప్షనల్' అని పేరు పెట్టేవాడు. ఆ ఆప్షనల్‌కు రాని పిల్ల బుధవారం మ్యాచ్‌లో బెంచీ మీదే కూర్చునేది. అందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పరు. నేనూ విప్పలేదు. పదహారు గంటలు పరిగెత్తి, పది అని రాసేదాన్ని.

ఒక సోమవారం సాయంత్రం అంకుల్ మందుల పెట్టె సర్దడానికని వచ్చి, టీమ్ గదిలో వరసగా ఉన్న మా బూట్లలోకి చెయ్యి పెట్టి చూస్తున్నారు. ఛీ, ఇదేం పాడు అలవాటు అనుకున్నాను.

"ఇవాళ సెలవు కదమ్మా, ఇవి తడిగా ఉన్నాయేంటి?"

"వాన పడింది కదా అంకుల్."

"గదిలో ఉన్న బూట్లలో కూడా పడిందా?"

నాకు ఒళ్ళు మండింది. ఈయన ఆరా ఎందుకు తీస్తున్నట్టు? కోచ్‌ను ఇరికించడానికా, మా అమ్మకు ఫోన్ చేసి నా ఆట మాన్పించడానికా? ఆ రోజు నుంచి ఆయన భోంచేశావా అని అడిగినా నాకు అనుమానమే.

అప్పటికే నా ఎడమ మోకాలి కింద ఎముక సలుపుతోంది. పది రోజుల్లో ఫైనల్. అంకుల్ వేళ్ళతో నొక్కి చూసి, "వారానికి ఎన్ని గంటలు ఆడుతున్నావు?" అన్నారు.

"పదే."

"షీట్ సంగతి కాదు. నిన్ను అడుగుతున్నా."

"పదే అంకుల్, ఒట్టు."

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశారు. చివరికి, "సర్లే, మన తెలుగు పిల్లవి, నాతో అబద్ధమెందుకు ఆడతావు! పదే అయితే కండరం నొప్పే అయ్యుంటుంది" అని, స్కాన్ రాయకుండానే కట్టు కట్టి పంపేశారు.

ఫైనల్లో ఆట మొదలైన కాసేపటికే ఆ ఎముక విరిగింది.

వార్డులో ఆయన వచ్చి మంచం పక్కన కూర్చోగానే, "పదహారు అంకుల్" అంటూ భోరుమన్నాను. తిట్టినా బాగుండేది. "నేను నిన్ను నమ్మానమ్మా. అదే నా తప్పు" అన్నారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. సిగ్గుతో చచ్చిపోయాను.

మళ్ళీ ఆడలేదు. ఇప్పుడు ఫిజియోథెరపిస్టును, నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా కాలేజీ ఆటగాళ్ళే. మొన్న ఒక గోల్‌కీపర్ పిల్ల కుంటుకుంటూ వచ్చి, వారానికి పది గంటలే ఆడుతున్నానంది. మళ్ళీ అడిగాను. పదే అంది.

"నన్ను నమ్మరా మీరు?"

"నమ్మను" అన్నాను.

విసురుగా లేచింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి వచ్చి కూర్చుని, తల దించుకుని, "పదిహేడు" అంది.

వెంటనే స్కాన్‌కు రాశాను.