నేను చూడని ఎపిసోడ్

అమెరికాలోని బెంటన్‌విల్‌లో మేమిద్దరం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఆమెది కరీంనగర్ వైపు, నాది తెనాలి దగ్గర. ఒకే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కాంట్రాక్టర్లం కాబట్టి ఇల్లు పంచుకున్నాం, స్నేహం కొద్దీ కాదు. మొదటి రోజు నుంచీ ఆమె నన్ను నువ్వు అనేది. నేను మీరు అనేదాన్ని. చెత్త ఎవరు పడేయాలి, పాలు ఎవరు తేవాలి, ఇవే మా మాటలు. శనివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక మాత్రం కలిసి ఒక సీరియల్ చూసేవాళ్ళం. అంతరిక్ష నౌక కథ. ఎందుకు మొదలుపెట్టామో ఇద్దరికీ గుర్తు లేదు.

అందులో నౌక కెప్టెన్ ఒకావిడ. శత్రువుల వైపు నుంచి పట్టుబడి, తర్వాత ఆవిడ దగ్గరే పైలట్‌గా చేరినవాడు ఒకడు. వాడి మెడ వెనక ఒక యంత్రం ఉంటుంది. దాని రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు వాడిని ఆపేయొచ్చు. ఒక వారం వాడు ఆ రిమోట్‌ను తనంతట తానే తెచ్చి కెప్టెన్ చేతిలో పెట్టాడు. యంత్రం పాడైంది, నన్ను ఆపి బాగుచేసి మళ్ళీ లేపు అన్నాడు.

ఆమె సోఫాలోంచి లేచింది. "బుద్ధి ఉన్నోడు ఎవడన్నా అట్ల ఇస్తడా?"

"మెడ వెనక్కి వాడి చెయ్యి అందదు కదండీ. ఎవరో ఒకరు చెయ్యాలిగా," అన్నాను.

"అందకపోతే అట్లనే ఉండాలె. ఇయ్యొద్దు."

టీవీ ఆపేసి గదిలోకి వెళ్ళిపోయింది. లేని మనిషి మీద అంత కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు.

రెండు రోజులకు ఆఫీసులో నా మానిటర్ కుడి మూల నల్లబడింది. సపోర్ట్ వాళ్ళకు చెబితే మానిటర్ మార్చారు. కొత్తదాంట్లోనూ అదే మూల నల్లగా ఉంది. గోడకు కూడా ఉందని గమనించడానికి నాకు మధ్యాహ్నం దాకా పట్టింది.

రెటీనా ఊడిందన్నారు కంటి డాక్టరు. మర్నాడే ఆపరేషన్. కంట్లో ఒక గ్యాస్ బుడగ పెడతారట. అది రెటీనాను నొక్కిపట్టాలంటే వారం పాటు ముఖం నేలకేసి ఉంచాలట. ఇంట్లో చూసుకునేవాళ్ళు ఎవరని నర్సు అడిగితే ఆమె పేరు చెప్పాను. ఆ సంగతి తర్వాత ఫోన్ చేసి ఆమెకు చెప్పాను.

"పప్పు తింటవా?" అంది.

ముఖం ఆనించే చోట ఖాళీ ఉన్న కుర్చీ ఒకటి అద్దెకు తెచ్చింది. దాంట్లోంచి నాకు కార్పెట్, ఆమె పాదాలు కనిపించేవి. అన్నం ముద్దలు చేసి కింద నుంచి అందించేది. స్నానానికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. పెద్దయ్యాక నేను ఎవరి ముందూ అలా లేను. సిగ్గుపడదామనుకున్నాను గానీ ఆ కుర్చీలో ముఖం దాచుకోవడానికి కొత్తగా చోటేమీ లేదు.

కంట్లో మందు వేయడమే పెద్ద పని.

"తల జర లేపు. కదలకు."

"నేను కదలట్లేదండీ. మీ చెయ్యి కదులుతోంది."

"నాకు భయమైతుంది. గుచ్చుకుంటే?"

"నాకూ భయంగానే ఉంది."

"మంచిది," అంది. మొదటి చుక్క ముక్కు మీద పడింది.

శనివారం వచ్చింది. నేను చూడలేను కాబట్టి తనూ చూడనంది. "మాటలు నాకు వినబడతాయి. ముఖాలు మీరు చెప్పండి," అన్నాను. పెట్టింది.

"ఆమె రిమోట్ పట్టుకున్నది. వాడు కండ్లు మూసుకున్నడు."

"భయపడుతున్నాడా?"

"మస్తు. ఆపేసింది వాణ్ణి." అంతలో సీరియల్ కూడా ఆగిపోయింది. ఆమే ఆపింది. పాదాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది.

"నాకు పెండ్లయింది," అంది. "ఇప్పుడు లేదు. ఇక్కడ ఎవరికి తెల్వదు."

నేను ఊ అన్నాను. ఆ కుర్చీలోంచి అంతకంటే పెద్ద మాట రాదు.

"మొగుడు పెండ్లాల మధ్య దాపరికం ఎందుకని పాస్‌వర్డ్‌లన్నీ ఇచ్చిన. ఫోన్‌ది, మెయిల్‌ది, అన్ని. ఆయన అడగలే, నేనే ఇచ్చిన. ఒకనాడు ఫ్రెండ్‌తోని బయటికి పోయొచ్చేసరికి అన్ని మార్చేసిండు. నా మెయిల్ నాకే తెరుచుకోలే. నాకు జరమొచ్చిందని నా పేరు మీద మేనేజర్‌కు ఆయనే రాసిండు."

"తర్వాత?"

"తర్వాతేముంది. లొల్లి పెట్టిన. వచ్చేసిన."

ఆమె ముఖం చూడాలనిపించింది. తల ఎత్తకూడదు. ఎత్తలేనని తెలిసే చెప్పిందేమో. "వాణ్ణి ఆవిడ మళ్ళీ లేపుతుందా?" అని అడిగాను.

"తెల్వదు. చూడాలె."

మళ్ళీ పెట్టింది. చాలాసేపు సంగీతం తప్ప ఏమీ వినబడలేదు.

"లేపింది," అంది చివరికి. "లేవంగనే వాడు ముందుగాల ఆమె చేతులు చూసిండు, రిమోట్ ఉన్నదా అని."

"ఉందా?"

"లేదు. వాడి పక్కన పెట్టింది. అయినా ఇయ్యొద్దుండె," అంది.

వారం తర్వాత డాక్టరు తల ఎత్తమన్నారు. బుడగ కరిగేకొద్దీ చూపు వచ్చింది గానీ తలుపులు కొంచెం వంగినట్టు కనిపించేవి. ఆమెను చూసి, "బాగా చిక్కిపోయావు," అన్నాను. నువ్వు అన్నానని ఇద్దరం ఒకేసారి గమనించాం.

"నీకు అన్నీ వంకరగ కనవడుతున్నయ్," అంది.

కొన్ని నెలలకు ఆమెకు జ్ఞానదంతం తీయాల్సి వచ్చింది. నాతో చెప్పే ముందు వంటింట్లో సర్దిన డబ్బాలనే మళ్ళీ సర్దింది.

"మత్తు ఇస్తరట. నువ్వు వస్తవా?"

"వస్తాను."

క్లినిక్‌లో లోపలికి వెళ్తూ బ్యాగు, ఫోను నా ఒళ్ళో పెట్టింది. బయటికొచ్చాక కార్‌లో కూర్చోబెట్టి బెల్ట్ పెట్టాను. ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉంది. ఏదో ముఖ్యమైన సంగతే అనుకుంటాను, మధ్యలో ఒకసారి ఏడ్చింది కూడా. నోటి నిండా దూది ఉండడంతో ఒక్క ముక్కా అర్థం కాలేదు. నేను ఊ కొడుతూ డ్రైవ్ చేశాను.