కవరు తీయని రాకెట్

మా షటిల్ సార్ ఉద్యోగం పోవడానికి నా మౌనమే కారణం. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొన్న పటమటలో ఒక పాప కవరు తీయకుండానే రాకెట్ ఊపుతూ కనిపించింది. ఆరో తరగతిలో సార్ నాచేత అలాగే చేయించేవారు. అందరూ ఆడుకుంటుంటే నేనొక్కణ్ణే ఆ బరువు రాకెట్‌ను మణికట్టు మండేదాకా ఊపాలి. అది శిక్షే అనుకుని ఇంట్లో ఏడ్చాను. వాచిన చేయి చూసి అమ్మ కంగారుపడింది.

మర్నాడు నాన్న చెప్పులతోనే క్లబ్బులోని షటిల్ కోర్టులోకి వచ్చారు.

"మావాణ్ణి పంపింది ఆటకా, గొడ్డుచాకిరీకా?"

"మణికట్టు బలపడాలండీ. జిల్లా పోటీలకి వీణ్ణే పంపుదామని..." అన్నారు సార్.

నాన్న నావైపు తిరిగారు. "నిన్ను కొట్టాడా? చెప్పరా!"

కొట్టలేదంటే ఇంట్లో ఏడ్చిందంతా నాటకమంటారని భయం. తలొంచుకున్నాను. నాన్నకు అదే చాలింది. ఆ వారమే క్లబ్బువాళ్ళు సార్‌ను మాన్పించారు.

నిన్న వన్ టౌన్‌లో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, నేనెవరినో చెప్పాను. సార్ కూర్చోమనలేదు.

"ఆ తర్వాత నాకెవరూ పిల్లల్ని అప్పజెప్పలేదయ్యా" అన్నారు.

"మీరు నా మీద చెయ్యెత్తలేదని ఆ రోజే చెప్పాల్సిందండీ. చెప్పలేదు. క్షమించండి సార్" అన్నాను, గుమ్మంలోనే నిలబడి.