మఠానికి మోసిన టమాటా పులుసు

మొన్న బుధవారం పొద్దున్నే మా బావగారు వచ్చి వీధి గుమ్మంలోనే నిలబడిపోయారు. లోపలికి రమ్మన్నా రాలేదు. “మీ అక్క వెళ్లిపోయిందమ్మా” అన్నారు. అక్క అంటే నా తోటికోడలు. బెజవాడలో ఆమెతో ఒకే ఇంట్లో కాపురం చేసిన నాకు మరో పిలుపు తెలియదు.

ఆమెను ఎరిగినవారెవరూ ధైర్యవంతురాలని అనరు. ఉరిమితే చెవులు మూసుకునేది. రైల్వే ఉద్యోగి భార్య అయివుండీ ఇంజను కూతకు నా కొంగు పట్టుకునేది. పోలీసు కనబడితే ఏ తప్పూ చేయకుండానే సందులోకి తప్పుకునేది. “భయం నాతోనే పుట్టిందే, నాతోనే పోతుంది” అనేది.

ఆమె ఇటలీ సిస్టర్ల మఠంలో వంట చేసేది. అక్కడ ఒక ముసలి సిస్టరమ్మ తమ ఊరి టమాటా పులుసు నేర్పింది. పండ్లు వేడినీళ్లలో వేసి, తోలు తీసి, చేత్తో చిదపాలి. నూనెలో వెల్లుల్లి రంగు తిరగకముందే టమాటా పోయాలి. ఉప్పు, చివర్లో తులసిలాంటి రుద్రజడ ఆకులు. అంతే. కారం లేదు, చింతపండు లేదు. రక్తంలా ఉందని మా అత్తగారు దాన్ని వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. అక్క పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద వండి, నాకు అన్నంలో కలిపి పెట్టేది. “దీన్ని తొందరపెట్టకూడదే. దానంతటదే దగ్గరపడాలి” అనేది.

ఇటలీ ఇంగ్లీషువాళ్ల మీద యుద్ధంలోకి దిగాక సర్కారువాళ్లు ఇటలీ ఫాదర్లను ఎక్కడికో తీసుకుపోయారు. సిస్టర్లు గడప దాటకూడదన్నారు. గేటు దగ్గర జవానును పెట్టారు. శత్రువులకు వండిపెడితే కొడుకుల ఉద్యోగాలు పోతాయని అత్తగారు అక్కను మాన్పించారు. మర్నాటినుంచి అక్క మఠం వైపు వెళ్లలేదు.

ఆ తర్వాత జపాను విమానాల వేసవి వచ్చింది. విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయని తెలియగానే మా ఊరు ఖాళీ అయింది. తర్వాతి బాంబు కృష్ణ వంతెన మీదేనన్నారు. అత్తగారు పిల్లలతో మైలవరం వెళ్లారు. రైల్వేవాళ్లకు సెలవు లేదు. నేను కడుపుతో ఉన్నాను, బండి కుదుపు పనికిరాదన్నారు. నాకోసం అక్క ఉండిపోయింది. పగలంతా ఇద్దరం ఆకాశం వైపు చూస్తూ, మోటారు చప్పుడైతే మంచం కింద దూరేవాళ్లం.

ఒకరోజు పాలమనిషి చెప్పింది, ముసలి సిస్టరమ్మ జ్వరంతో గోడవైపు తిరిగి పడుకుందట, మెతుకు ముట్టడం లేదట. మధ్యాహ్నందాకా అక్క ఏ పనీ చేయలేకపోయింది. తర్వాత లేచి పొయ్యి రాజేసింది. ఆకాశం వైపే చూస్తూ వెల్లుల్లి మాడ్చింది.

“వద్దక్కా” అన్నాను.

“నాకూ వెళ్లాలని లేదే. తోడు రా.”

గేటు దగ్గర జవాను గిన్నె మూత తీసి చూశాడు. లోపలికి వెళితే పేరు, ఇంటాయన పేరు రాసుకుంటానని, ఆపైన ఏం జరిగినా తనను అడగొద్దని చెప్పాడు. అక్క పెదవులు ఎండిపోయాయి. గిన్నె మీద మూత మళ్లీ పెట్టింది.

“రాసుకోండి బాబూ. కాస్త తొందరగా రాసుకోండి, చల్లారిపోతోంది.”

లోపల పులుసును మెత్తని అన్నంలో కలిపి, అక్క ఆ ముసలామె మంచం పక్కన కూర్చుంది. వాసనకు సిస్టరమ్మ ఇటు తిరిగింది. ఒక ముద్ద తిని, వచ్చీరాని తెలుగులో, “వెల్లుల్లి మాడ్చావు” అంది. అయినా గిన్నెలో సగందాకా తిన్నది. అక్క మొహం కప్పుకుని ఏడ్చింది.

సిస్టరమ్మ కోలుకుంది, యుద్ధం ముగిశాక ఓడెక్కి వెళ్లిపోయింది. మా ఇంటికి మాత్రం ఆ వేసవంతా నిద్ర లేదు. తలుపు చప్పుడైతే అక్క ముందుగా బావగారి మొహం చూసేది. పేరు రాసుకున్నా పోలీసులెవరూ రాలేదు. వస్తారన్న భయం మాత్రం ఆమెను చాలాకాలం వదల్లేదు.

ఆమె పోయిందని విన్నప్పటినుంచీ ఆ సాయంత్రం మఠం నుంచి మేం తిరిగివచ్చిన దారే నా కళ్లలో ఉంది. వీధి దీపాలు వెలిగించలేదు. వరసగా తాళాలు వేసిన ఇళ్లు. యజమానులు వదిలిపోయిన కుక్కలు అరుగుల మీదనుంచి దిగి, గిన్నె వాసనకు మా వెంట పడ్డాయి. పరిగెత్తుదామన్నాను. అక్క కదల్లేదు. ఒక అరుగు మీద కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, మిగిలిన పులుసన్నం గిన్నెను చాచిన చేతులతో వాటి ముందు పట్టుకుంది. అవి నాకుతుంటే గిన్నె ఆమె గాజులకు తగిలి, ఆ ఖాళీ వీధిలో సన్నగా మోగుతూ ఉంది.