కరెంటాయనకు నేను రాసిన కార్డు

మా కోట ఊరికి కరెంటు వచ్చిన కొత్తల్లో మనుషులకు ఆశ్చర్యపోవడం చాలా తేలిక. బల్బు వెలిగితే ఆశ్చర్యం, ఆరిపోతే మరింత ఆశ్చర్యం. పైగా అప్పుడు నాకు పదిహేను, పదహారేళ్లు. (ఆ వయసులో దేన్నయినా ఇష్టపడితే దాని మీద హక్కు కూడా వచ్చేసిందనుకుంటాం.) ఆ రోజుల్లో నేను ఇష్టపడింది గూడూరు నుంచి వచ్చే ఒక పాటకచేరీ బృందాన్ని. మొత్తం నలుగురు. వాళ్ల పెద్దాయన ముందు హార్మోనియం కంటే చిన్నదైన నల్లటి పెట్టె ఒకటి ఉండేది. దానికి కరెంటు తీగ తగిలించి మెట్లు నొక్కితే, తుమ్మెద రొదకూ పాములవాడి బూరకూ మధ్య ఎక్కడో ఉండే వింత మోత లేచేది. పందిట్లో ఏడుస్తున్న పసిపిల్లలు కూడా ఠక్కున ఆగిపోయేవాళ్లు. ఊరంతా ఆయన్ను కరెంటాయన అనేది. శ్రీరామనవమికి ఆయన వస్తే నేను సరిగ్గా ఆ పెట్టెకు ఎదురుగా చాప పరుచుకునేదాన్ని. ఊదేది లేదు, మీటేది లేదు, మరి ఆ గొంతు ఎక్కడినుంచి వస్తోంది? పొయ్యి ముందు కూర్చున్నా అదే ఆలోచన. (రెండుసార్లు అన్నం మాడింది. అమ్మ ఏమన్నదో ఇక్కడ రాయను.)

మరుసటేడు పందిట్లో పెట్టె లేదు. కరెంటాయన చేతిలో క్లారినెట్టు, పక్కన మామూలు హార్మోనియం. పెట్టెను తర్వాత తీస్తాడేమోనని మంగళం పాడేదాకా చూశాను. తీయలేదు. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు ఏడుపొచ్చింది. తెల్లారి పోస్టుకార్డు తీసుకుని, "అయ్యా, తమరు మమ్మల్ని మోసము చేసినారు. ఊదే గొట్టము ప్రతి పెండ్లిలోనూ వింటూనే ఉన్నాము. పెట్టె ఏమైనదో వెంటనే తెలియజేయవలెను. ఇట్లు, ఒక అభిమాని" అని రాసి గూడూరుకు పోస్టులో పడేశాను. రహస్యంగా ఉండాలని పేరు రాయలేదు. జవాబు రావాలి కదా అని నాయన పేరు, ఇంటి చిరునామా మాత్రం పూర్తిగా రాశాను.

జవాబు రాలేదు. నాలుగోరోజు మధ్యాహ్నం బస్సు దిగి కరెంటాయనే వచ్చాడు. చేతిలో నా కార్డు.

"అన్నా, ఈ కార్డు రాసిన పెద్దమనిషి మీరేనా?" అని నాయన్ను అడిగాడు.

నాయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, చేతిరాత గుర్తుపట్టి, వసారా చివరకు చెయ్యి చూపించాడు. "ఆ పెద్దమనిషి అదో, చింతపండు గింజ తీస్తా ఉండాది."

పారిపోదామంటే ఒడి నిండా గింజలు.

"ఎవురో మీసాలాయన అనుకోని భయపడతా వచ్చినా గదమ్మా!" అంటూ ఆయన అరుగు మీద కూలబడ్డాడు. "పెట్టెకేం, బాగానే ఉండాది. మంచం కింద పెట్టేసినా."

"ఎందుకని?" అన్నాను. నాయన ఉన్నాడన్న భయం కూడా పోయింది నాకు.

"పోయినేడు మీ పందిట్లో నేను వాయించిన పాట ఒక్కటి చెప్పు, చూస్తాం."

నోరు తెరిచాను. మోత చెవిలో అట్లాగే ఉంది. పాట మాత్రం ఒక్కటీ గుర్తు రాలేదు.

"అందురూ అంతేనమ్మా. పెట్టె చూసేదానికి వస్తా ఉండారు. ఇరవై ఏండ్లు ఈ క్లారినెట్టు నేర్చుకున్నా నేను. నా పాట ఒక్కరికన్నా గుర్తుండొద్దా?"

"మాకు ఆ మోతే కావాల," అన్నాను మొండిగా.

"నోరు ముయ్యి మే," అన్నాడు నాయన. వెంటనే గొంతు తగ్గించి, "అయినా, ఆ పెట్టెలో ఏముంటాదన్నా?" అని అడిగాడు. (ఆ దురద ఆయనకూ ఉందని నాకు అప్పుడే తెలిసింది.)

ఆదివారం నాయనా నేనూ గూడూరు వెళ్లాం. కరెంటాయన పెట్టెను మంచం కింద నుంచి లాగి వెనక మూత విప్పాడు. లోపల వరసగా చిన్న చిన్న గాజు బుడ్లు. తీగ తగిలించగానే మెల్లగా ఎర్రబడ్డాయి. ఒక మెట్టు నొక్కాను. నా మోత! వేలు తీయలేదు. అదీ ఆగలేదు. ఎంతసేపు నొక్కినా అంతే, పెరగదు, తగ్గదు. కరెంటాయన క్లారినెట్టు అందుకుని పక్కనే అదే స్వరం ఊదాడు. సన్నగా మొదలై, నిండి, కాస్త వణికి, ఊపిరితోపాటు అయిపోయింది. నాకెందుకో వేలు తీసేయాలనిపించింది. అయినా, "పెట్టే బాగుండాది," అన్నాను పైకి.

ఎండాకాలం పోయాక చిల్లకూరులో వాళ్ల కచేరీ పెట్టారు. నాయన్ను పోరి తీసుకెళ్లాను, మూతి ముడుచుకుని కూర్చోవడానికే. మూడో పాటకు మూతి సంగతి మర్చిపోయాను. అయిదో పాటకు పైటచెంగుతో కళ్లు తుడుచుకున్నాను, నాయన చూడకుండా.

అయిపోయాక కరెంటాయన తిన్నగా మా దగ్గరికే వచ్చాడు. "ఎట్టుండాదమ్మా?"

"పరవాలేదు," అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి మిగతా ముగ్గురికీ వినిపించేలా, "ఇన్నారా, పరవాలేదంట!" అని అరిచాడు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. తిట్టడానికి కార్డు నిండా రాసినదాన్ని, మెచ్చుకోవడానికి ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. ఏడ్చానని చెప్పి ఉంటే ఆ మనిషి ఎంత పొంగిపోయేవాడో! కానీ ఆ పదహారేళ్ల పిల్లకు అభిమానం ఎంతుందో, రోషం అంతకు ఒక పిసరు ఎక్కువే ఉండేది.